పలచన చేయడం: మా సైన్సు అయ్యవారి స్మారకోపన్యాసం



అయ్యవారి పేరుమీద నిధి పెట్టిన పాత విద్యార్థులు ఫోన్ చేసి, "విషయం నీ ఇష్టం, మనూరి పిల్లలకు అర్థమైతే చాలు" అన్నారు. యురేనియం గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. కణేకల్‌కూ యురేనియానికీ ఏం సంబంధమని వాళ్ల సందేహం. నాకు ఆ పాఠం మొదలైందే ఇక్కడ. అప్పుడది యురేనియం పాఠమని నాకు తెలియదు, అంతే.

ఆషాఢమాసం. మీకు చెప్పక్కర్లేదు, ఆ నెలలో గాలి ఎట్లుంటుందో. హగరి నది ఒడ్డు ఇసుక లేచి చేలమీద పడుతుంది, కిటికీ రెక్కలు మూసినా బెంచీలమీద పేరుకుంటుంది. అయ్యవారు ఇంటినుంచి ఒక చేట తెచ్చారు. అందులో తెల్లజొన్నలు. మా చేతనే వెయ్యి గింజలు లెక్కపెట్టించారు. తర్వాత జేబులోనుంచి ఏడు పచ్చజొన్నలు తీసి వాటిలో వేశారు. అరచేత్తో రెండుసార్లు కలియదిప్పారు. "ఏరండప్పా" అన్నారు. మేం ఉరికాం. ఆయన ఆపి, తన తువ్వాలు తీసి, ముందు బెంచీ పిల్లవాడి కళ్లకు గంతలు కట్టారు. "రంగు చూసి ఎవడైనా ఏరతాడు. పచ్చజొన్న తెల్లజొన్న కన్నా రవ్వంత తేలిక అనుకో. బరువుతోనే ఏరు." గంట కొట్టేదాకా ఒక్కొక్కరం కళ్లకు గంతలు కట్టుకుని వేళ్లతో గింజలు తడిమాం. ఒక్కటీ తేలలేదు. కలపడానికి పట్టింది రెండుసార్లు చెయ్యి తిప్పినంత సేపు.

భూమిలోనుంచి తీసిన యురేనియం అచ్చంగా ఆ చేటలాంటిది. వెయ్యి పరమాణువులకు ఏడు మాత్రమే యురేనియం-235. మిగతావన్నీ దాదాపు యురేనియం-238. రియాక్టర్లో మండేదీ, బాంబులో పేలేదీ ఆ ఏడే. రెండూ ఒకే మూలకం కాబట్టి ఏ ఆమ్లంలో వేసినా ఒకే తీరుగా కరుగుతాయి, ఏ మంటలో పెట్టినా ఒకే తీరుగా మండుతాయి. రసాయనశాస్త్రానికి వాటి దగ్గర కళ్లకు గంతలే. తేడా బరువులో మాత్రమే ఉంది. అందుకని యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి హెక్సాఫ్లోరైడ్ అనే వాయువుగా మారుస్తారు. ఒకదాని అణువు బరువు 349, రెండోదాని బరువు 352. నూటికి ఒక పాలు కూడా లేదు తేడా. ఆ వాయువును నిలువు గొట్టాల్లో విపరీతమైన వేగంతో తిప్పితే బరువైనది గోడవైపుకు, తేలికది నడిమికి రవ్వంత జరుగుతుంది. ఒక గొట్టంలో జరిగింది చాలదు గనక దాన్ని రెండో గొట్టానికి, దాన్నుంచి మూడోదానికి, ఇట్లా వేల గొట్టాల బారులు తీరుస్తారు. వాటినే సెంట్రిఫ్యూజ్‌లంటారు. ఇందులో ఫ్లోరిన్‌నే ఎందుకు వాడతారంటే, ప్రకృతిలో దానికి ఒకే రకం పరమాణువు ఉంది. కాబట్టి బరువులో తేడా వస్తే అది యురేనియానిదే. మన బోర్లలో చేరి మన పెద్దల నడుములు వంచిన ఫ్లోరిన్ కూడా అదే. ఈ సంగతి కాలేజీలో చదివిన రోజున నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన పత్రికల్లో దీన్ని "యురేనియం శుద్ధి" అని రాస్తారు. వాడుకలో స్థిరపడిపోయింది, మార్చలేం. కానీ శుద్ధి అనేసరికి మనకు మురికి పోగొట్టడం, గంగాజలం చల్లడం గుర్తొస్తాయి. ఇక్కడ మురికేమీ లేదు. యురేనియం-238 మురికి కాదు, అదే అసలు యురేనియం. జరుగుతున్నది ఒకరకం గింజల పాలు పెంచడం, అంటే సంపన్నం చేయడం. ఆ మాట వల్ల ఎక్కువ "శుద్ధి" అయినది ఎక్కువ మంచిదన్న భ్రమ కలుగుతుంది. ఎంత "శుద్ధి" అయితే అంత భయం అన్నది నిజం.

చేట లెక్కలోనే చూద్దాం. వెయ్యిలో ఏడున్నాయి. ఎనిమిది వందల పాతిక తెల్లగింజలు తీసి పారేస్తే మిగిలిన 175లో ఏడు, అంటే 4 శాతం. కరెంటు రియాక్టర్లలో చాలావాటికి ఇది చాలు. ఇంకో 140 తీసేస్తే 35కు ఏడు, 20 శాతం. అంతర్జాతీయంగా గీసిన గీత ఇదే: 20 శాతానికి కింద ఉంటే తక్కువ సంపన్నత, ఆ పైన ఉంటే అధిక సంపన్నత. ఆ తర్వాత ఇరవై ఏడు గింజలు తీస్తే చాలు, ఎనిమిదింటికి ఏడు. దాదాపు 90 శాతం. అది బాంబు సరుకు. ఆలోచించండి, మొదటి మెట్టుకు 825, రెండోదానికి 140, మూడోదానికి 27. శ్రమలో ఎక్కువ భాగం మొదట్లోనే ఉంది. అందుకే ఒక దేశం 20 శాతం దాటి, 60 శాతం చేసిపెట్టుకుంటే ప్రపంచం ఉలిక్కిపడుతుంది. దారిలో ఎక్కువ భాగం నడిచేసినట్టే.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన బాంబులో దాదాపు 64 కిలోల యురేనియం ఉంది, సగటున 80 శాతం సంపన్నమైనది. మన ఊళ్లో ఒక బస్తా ధాన్యం అంతకన్నా బరువుంటుంది.

ఇప్పుడు వెనక్కి నడుద్దాం. ఎనిమిది గింజల్లో ఏడు పచ్చవి ఉన్న కుప్పలో నూట అరవై ఏడు తెల్లవి పోస్తే మళ్లీ 4 శాతానికి వస్తుంది. దీన్నే పలచన చేయడం అంటున్నాను. మజ్జిగలో నీళ్లు పోసినంత తేలికగా కనిపిస్తుంది. తేలికే. కానీ ఏ నీళ్లు పోయాలన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న కణేకల్ వాళ్లకు అర్థమైనట్టు ఎవరికీ అర్థం కాదు.

అయ్యవారు పదో తరగతిలో ఇంకో లెక్క చెప్పారు. బోరునీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంది. కాలువ నీళ్లలో 0.4 ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాముకు తేవాలంటే ఒక కడవ బోరునీళ్లకు ఎన్ని కడవల కాలువ నీళ్లు పోయాలి? అయిదు. అందరం చేశాం. అప్పుడాయన రెండో ప్రశ్న వేశారు. కాలువ ఎండిపోయింది, పక్క వీధి బోరునీళ్లే ఉన్నాయి, వాటిలోనూ ఒక మిల్లీగ్రాము ఉంది. ఇప్పుడెన్ని కడవలు? వెనక బెంచీలోనుంచి ఒకడు "నూరు" అన్నాడు, ఇంకొకడు "వెయ్యి" అన్నాడు. అయ్యవారు సుద్దముక్క బల్లమీద పెట్టి, "చెరువంతా పోసినా రాదప్పా" అన్నారు. ఎంత పోసినా ఒకటికి దగ్గరవుతుందే కానీ ఒకటికి రాదు. పలచన చేయాలంటే పలచన చేసేది మంచిదై ఉండాలి. తుంగభద్ర ఎగువ కాలువ హోసపేట నుంచి బళ్లారి మీదుగా మన చెరువు దాకా రాకపోతే ఈ ఊరి బతుకు ఏమయ్యేదో, 1995లో జిల్లాలో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం లేకపోతే ఏడు వందలకు పైగా పల్లెలు ఏం తాగేవో ఈ లెక్క ఒక్కటే చెప్తుంది.

యురేనియంలోనూ సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజులు. వేలకొద్దీ అణ్వాయుధాలు విప్పాలి. వాటిలో నుంచి వచ్చే సరుకుకు కాపలా కాసేవాళ్లకు జీతాలు అందని పరిస్థితి. 1991 అక్టోబరు 24న థామస్ నెఫ్ అనే ఎం.ఐ.టి. భౌతికశాస్త్రవేత్త న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. రష్యా ఆయుధాల యురేనియాన్ని పలచన చేయించి అమెరికా కొనుక్కోవాలి, తన కరెంటు రియాక్టర్లలో వాడుకోవాలి అన్నది ఆయన సూచన. ఏ ప్రభుత్వంలోనూ లేని ఒక మనిషి, ఒక వార్తాపత్రికలో, ఒక వ్యాసం. పదహారు నెలలు తిరక్కుండానే, 1993 ఫిబ్రవరి 18న, రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఇరవై ఏళ్లలో 500 టన్నుల బాంబు యురేనియం. దాదాపు 20,000 వార్‌హెడ్లకు సమానం.

రష్యాలోని సెవెర్స్క్, ఒజ్యోర్స్క్, జెలెనోగోర్స్క్, నోవోఉరాల్స్క్ వంటి మూసిన పట్టణాల్లో ఆ పని జరిగింది. బాంబులోనుంచి తీసిన లోహపు ముద్దను యంత్రంమీద తురుముతారు. ఆ తురుమును కాల్చి ఆక్సైడు చేస్తారు. దాన్ని హెక్సాఫ్లోరైడు వాయువుగా మారుస్తారు. ఒక గొట్టంలో 90 శాతం వాయువు, ఇంకో గొట్టంలో పలచన చేసే వాయువు వచ్చి, మన పొలాల్లో పైపులకు వేసే టీ-జాయింటు లాంటి చోట కలుస్తాయి. మూడో గొట్టంలోనుంచి 4, 5 శాతం మధ్య సరుకు బయటికి వస్తుంది. అంతే. అంత పెద్ద యుద్ధభయం ఒక టీ-జాయింటు దగ్గర చల్లారింది. నాకు ఇంతకన్నా గొప్ప రసాయనశాల కనిపించదు.

ఇక ఆ రెండో గొట్టం సంగతి. యురేనియం-235ను కూడబెట్టేటప్పుడు దానికన్నా తేలికైన యురేనియం-234 కూడా వెంట వచ్చి చేరుతుంది. అది ఆల్ఫా కిరణాలు ఎక్కువ వెదజల్లుతుంది. ఇంధనం తయారుచేసే కార్మికులకు అది ముప్పు, కాబట్టి ఎంతవరకు ఉండవచ్చో హద్దు ఉంది. గనిలోనుంచి తీసిన మామూలు యురేనియం కలిపితే ఆ హద్దులోకి రావడం కష్టమైంది. అందుకని రష్యన్లు ఇంకో దారి పట్టారు. ఎప్పుడో తీసి పారేసిన తెల్లజొన్నల కుప్ప ఉంటుంది గదా, 235 తీసేసిన మడ్డి, అందులో 234 ఇంకా తక్కువ. ఆ మడ్డినే మళ్లీ సెంట్రిఫ్యూజ్‌లలో తిప్పి 1.5 శాతానికి తెచ్చి, దానితో కలిపారు. పలచన చేసే పదార్థాన్ని తయారుచేయడానికే ఎన్నో సెంట్రిఫ్యూజ్‌లు తిరిగాయి. కిలో బాంబు సరుకుకు దాదాపు ముప్ఫై కిలోల ఆ 1.5 శాతం సరుకు పడుతుంది. అయ్యవారి రెండో ప్రశ్నకు జవాబు అక్కడ, రష్యాలో దొరికింది.

ధరల గొడవతో ఆ ఒప్పందం ఆగిపోయేంత పనీ అయింది. అయినా సాగింది. చివరి సరుకుతో 'అట్లాంటిక్ నావిగేటర్' అనే ఓడ 2013 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బయల్దేరి డిసెంబరు 10న బాల్టిమోర్ చేరింది. మొత్తం 14,446 టన్నుల రియాక్టరు ఇంధనం. ఆ ఇరవై ఏళ్లలో అమెరికాలో వెలిగిన ప్రతి పది దీపాల్లో ఒకటి దాదాపుగా ఆ బాంబులతోనే వెలిగింది. తమ ఊళ్లకు గురిపెట్టిన సరుకుతో ఆ ఊళ్లవాళ్లే వంట చేసుకున్నారు, పిల్లలు చదువుకున్నారు. నెఫ్ గారు 2024లో చనిపోయారు. మన పత్రికల్లో ఆయన గురించి ఒక్క వాక్యం కూడా నా కంటపడలేదు. అందుకే ఈ సభలో ఆయన పేరు పలికాను.

మన సంగతికి వద్దాం. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది, 1971లో మొదలైంది. తొలి సారథి ఎన్. కొండలరావు గారు. తారాపూర్ రియాక్టర్లకు బయటినుంచి వచ్చిన సంపన్న హెక్సాఫ్లోరైడును అక్కడ నల్లటి బిళ్లలుగా మార్చారు. వేలి కొసంత ఉంటుంది ఒక్కొక్క బిళ్ల. ఆ సరుకు మొదట్లో అమెరికా ఇచ్చింది. 1974లో పోఖ్రాన్ అణుపరీక్ష తర్వాత పేచీలు పెట్టి, చివరకు మానేసింది. తర్వాత ఫ్రాన్స్, చైనా, రష్యా ఇచ్చాయి. మూడు శాతం కూడా లేని సరుకు కోసం ఒక దేశం నలుగురి గడపలు ఎక్కాల్సి వచ్చింది. ట్రాంబేలోని అప్సర రియాక్టరు 1956 ఆగస్టు 4న మొదలైంది. దానికి బ్రిటన్ ఇచ్చింది అధిక సంపన్న ఇంధనం. 2010లో ఆ ఇంధనాన్ని తీసి భద్రపరిచారు. 2018 సెప్టెంబరు 10న కొత్త అప్సర పనిలోకి దిగింది, మన దగ్గరే చేసిన తక్కువ సంపన్నత పలకలతో. పని మునుపటికన్నా ఎక్కువే చేస్తోంది. బాంబు సరుకు లేకుండా పరిశోధన జరగదన్న మాటకు ఆ రియాక్టరే జవాబు.

మనకు మరీ దగ్గర ఇంకోటి ఉంది. మన హగరి, అదే వేదవతి, చిత్రదుర్గం వైపునుంచి చళ్లకెర తాలూకా దాటుకుని భైరవానితిప్పకు వస్తుంది. ఆ చళ్లకెర తాలూకాలో ఉల్లార్తి కావలు అనే గడ్డిబీడు ఉంది. తరతరాలుగా పల్లెలవాళ్లు గొర్రెలు, ఆవులు మేపుకున్న అమృత్‌మహల్ కావలు అది. అందులో దాదాపు 1,800 ఎకరాలు యురేనియం సంపన్నత కేంద్రం కోసం భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)కు ఇచ్చారు. మేతబీడు పోయిందని జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మీలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నేను అడగను. కానీ మన నది వచ్చే దారిలో జరిగే పని గురించి మన బడిలో ఒక పాఠం ఉండాలని గట్టిగా అంటాను.

పలచన చేయడం తేలిక అన్నాను. నిర్భయం అనలేదు. ద్రావణాన్ని కలపడంలోనే ముప్పుంది. 1999 సెప్టెంబరు 30న జపాన్‌లోని తొకైమురాలో ముగ్గురు కార్మికులు 18.8 శాతం యురేనియం ద్రావణాన్ని సమానంగా కలపాలి. అందుకు సన్నటి, పొడుగాటి గొట్టంలాంటి పాత్ర ఉంది. దానిలో పని నిదానం. వాళ్లు స్టీలు బకెట్లతో, గరాటు పెట్టి, ఒక లావుపాటి తొట్టిలో పోశారు. పోయాల్సింది 2.4 కిలోల లోపు, పోసింది 16 కిలోల వరకు. నీలిరంగు మెరుపు మెరిసింది. సన్నటి గొట్టంలో న్యూట్రాన్లు గోడల్లోనుంచి తప్పించుకుపోతాయి, లావు తొట్టిలో ఒకదాన్నొకటి రేపుకుంటాయి. పైగా ఆ తొట్టి చుట్టూ ఉన్న చల్లనీళ్లు న్యూట్రాన్లను మళ్లీ లోపలికే తోశాయి. ఆ నీళ్లు తోడేసేదాకా, ఇరవై గంటలపాటు ఆ చర్య ఆగలేదు. ఇద్దరు నెలల తరబడి నరకం అనుభవించి చనిపోయారు. వాళ్లకు పాత్ర ఆకారం ఎందుకు ముఖ్యమో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నాకు ఆ ప్రమాదంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం ఎర్విన్‌లో, పలచన చేసే పని సాగుతున్న కర్మాగారంలో, 2006 మార్చిలో దాదాపు 35 లీటర్ల అధిక సంపన్న ద్రావణం నేలమీద కారింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఊరివాళ్లకు ఆ సంగతి మరుసటి ఏడాదిగానీ తెలియలేదు.

తెలుగులో పలచన అనే మాటకు ఇంకో అర్థం ఉంది. నలుగురిలో పలచనైపోయాడు అంటాం. విలువ పోయింది, లోకువయ్యాడు అని. రసాయనం ఇంత తేలికైనా రాజ్యాలు ఈ పనికి వెనకాడేది ఈ రెండో అర్థానికి భయపడే. ఇరాన్ 2014లో తన 20 శాతం వాయువులో దాదాపు సగం అయిదు శాతం లోపుకు పలచన చేసింది, మిగతాది ఆక్సైడు చేసింది. అంతర్జాతీయ తనిఖీదారులు దగ్గరుండి చూశారు. 2015లో అమెరికా తదితర దేశాలతో చేసుకున్న ఒప్పందంలో 3.67 శాతం దాటనని, 300 కిలోలకు మించి ఉంచుకోనని ఒప్పుకుంది. 2018లో అమెరికా ఆ ఒప్పందంలోనుంచి బయటికి వచ్చేసింది. 2025 జూన్‌లో ఇరాన్ మీద దాడులు మొదలయ్యేనాటికి అక్కడ 60 శాతం యురేనియం 440 కిలోలకు పైగా ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) లెక్క. దాన్ని గని యురేనియంతో 3.67కు దించాలంటే కిలోకు పందొమ్మిది కిలోలు పోయాలి. మొత్తం ఎనిమిది టన్నుల పైచిలుకు. మామూలు లారీ ఒక్కటి చాలు ఆ బరువుకు. లెక్క అంత చిన్నది. దానికోసం కురిసిన బాంబులు, పోయిన ప్రాణాలు చూడండి.

ఒక జాగ్రత్త చెప్పకపోతే అయ్యవారికి ద్రోహం చేసినవాడినవుతాను. పలచన చేస్తే ఏదీ మాయమైపోదు. కడవలో ఫ్లోరైడు కలిపాక కూడా అంతే ఉంటుంది, ఎక్కువ నీళ్లలో పరుచుకుంటుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, మిల్లు ఉన్నాయి. ఆ మిల్లు వ్యర్థాల చెరువు పక్కన కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు తమ బోరునీళ్లు పాడయ్యాయని, అరటితోటలు ఎండిపోయాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అట్లాంటి చోట ఎవరైనా వచ్చి, "కలిసిపోయి పలచనైపోతుందిలే" అంటే ఆ మాట నమ్మకండి. కొలిచి చూపమనండి. బాంబు యురేనియం కథ వేరు. అక్కడ పలచన చేసినది రియాక్టరుకు చేరింది, మండింది, ఆ 235 పరమాణువుల్లో చాలావరకు నిజంగానే లేకుండా పోయాయి. పలచన చేసి గోదాములో దాచుకుంటే రేపు ఎవడైనా సెంట్రిఫ్యూజ్‌లు తిప్పి మళ్లీ ఏరుకోగలడు, దారిలో ఎక్కువ భాగం నడిచే ఉన్నాడు గనక. మండించాక ఏరడానికేముంటుంది?

ఆ జొన్నల సంగతి పూర్తి చేస్తాను. గంట కొట్టాక అయ్యవారు చేట చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున ప్రేయరు అయ్యాక మాలో ఒకడు ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఆ జొన్నలు మళ్లీ తెస్తారా? ఈసారి ఏరతాం."

"ఎక్కడివప్పా" అన్నారాయన. "రాత్రే మీ అమ్మగారు విసిరి రొట్టెలు చేసింది. చెనక్కాయల చట్నీతో తిన్నాం. ఏ రొట్టెలో పచ్చవి పడినాయో నాకే తెలీలేదు."